లండన్ వంతెన మీద ముప్పై ఏడుగురు

ఇప్పుడు జవాబు పత్రాలు కంప్యూటర్ తెర మీదికే వచ్చేస్తున్నాయట. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని దిద్దేస్తున్నారట. మా రోజుల్లో అవి గోనెసంచుల్లో వచ్చేవి. రోహిణి కార్తెలో, రాజమండ్రిలో ఒక కాలేజీ హాల్లో ఇంగ్లీషు మేష్టార్లందరినీ వరసగా బల్లల దగ్గర కూర్చోబెట్టి, పొద్దున్న ఇరవై, మధ్యాహ్నం ఇరవై చొప్పున పేపర్లు దిద్దించేవారు. దాన్ని స్పాట్ వాల్యుయేషన్ అనేవాళ్ళం. దిద్దేవాళ్ళది ఎర్ర సిరా. వాళ్ళ మీద ఉండే చీఫ్ ఎగ్జామినరుది ఆకుపచ్చ సిరా. నేను చెప్పబోయేది ఆ ఆకుపచ్చ కలంతో నేను పెట్టిన ఒక సంతకం గురించి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ముందే చెబుతున్నాను, ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. నా గొప్పతనం గురించి కావాలంటే నా పదవీ విరమణ సభలో చదివిన సన్మానపత్రం ఉంది. అది ఫ్రేము కట్టించి మా హాల్లో గోడకి వేలాడదీశారు. అందులో ఈ సంగతి లేదు.

అప్పటికి రిటైర్మెంటు ఇంకా అయిదేళ్ళుంది. జిల్లాలో మా వాళ్ళు నన్ను ఫారిన్ మేష్టారు అనేవారు. ఇథియోపియాలో ఒక కొండ ఊళ్ళో నాలుగేళ్ళు, యెమెన్‌లో మూడేళ్ళు, లిబియాలో రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పి వచ్చాను. మన వైపు నుంచి ఆ దేశాలకి వెళ్ళిన మేష్టార్లు ఆ కాలంలో చాలామందే ఉన్నారు గాని, మూడు దేశాలు తిరిగి మళ్ళీ గోదావరి ఒడ్డుకే వచ్చి పడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. స్పాట్ క్యాంపులో భోజనాల దగ్గర నా చుట్టూ నలుగురు చేరేవారు. ఇథియోపియాలో మన పుల్లట్టు లాంటి రొట్టె తింటారని, యెమెన్‌లో మగవాళ్ళు నడుముకి బాకు కట్టుకుని బజారుకి వస్తారని చెబితే ముద్ద కలపడం ఆపి వినేవారు. మా కొండ ఊరి ఏటి ఒడ్డున ప్రతి ఆదివారం నేనూ ఒక ముసలాయనా ఒకే బండ మీద కూర్చునేవాళ్ళమని, నాలుగేళ్ళలో నమస్కారానికి మించి ఒక్క మాటా అనుకోలేదని కూడా చెప్పేవాణ్ణి. అదేదో మహా తాత్విక విషయంలా చెప్పేవాణ్ణి.

లిబియా నుంచి తిరిగొస్తూ లండన్‌లో ఒక వారం ఆగాను. ఎందుకు ఆగానో ఎవరికీ చెప్పలేదు. అదీ ఈ కథలోనే వస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. నా జట్టులో ఒక కుర్ర లెక్చరరు ఉండేవాడు. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు, మహా నిక్కచ్చి మనిషి. మేమందరం పది పేపర్లు దిద్దే టైములో అతను ఆరు దిద్దేవాడు, కాని ఆ ఆరూ నిజంగా చదివేవాడు. అతను ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒకే పరీక్షా కేంద్రం నుంచి వచ్చిన నలభై పేపర్లు. అందులో ముప్పై ఏడింటిలో ‘ప్రయాణాల వల్ల లాభాలు’ అనే వ్యాసం ఒకే రకంగా ఉంది. ఒకే మొదలు, ఒకే చివర, మధ్యలో అవే వాక్యాలు.

“ఎవరో బోర్డు మీద రాసి ఎక్కించారు సర్. నేను గైడులన్నీ చూశాను, ఎందులోనూ ఈ వ్యాసం లేదు. పైగా పట్టుబడకుండా ఒక్కొక్కరు ఒక్కో మాట మార్చారు,” అన్నాడు.

మాల్‌ప్రాక్టీస్ రిపోర్టు అతనే రాసుకొచ్చాడు, నా సంతకం ఒక్కటే తక్కువ. నాలుగు గంటలకి యూనివర్సిటీకి జీపు వెళుతుంది, రిపోర్టు అందులో వెళ్ళాలి. నేను మొదటి పేపరు మొదటి పేజీ చూశాను. ఓడలు, సముద్రాలు, విజ్ఞానం, సోదరభావం, అంతా మామూలు సరుకే. ఆ సమయానికి వరండాలో క్యారియర్లు విప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. మా మిత్రుడొకడు ఆవేళ ఇంటి దగ్గర నుంచి ఆవ పెట్టిన పనసపొట్టు కూర తెస్తానని ముందురోజే చెప్పాడు. ఆలస్యమైతే మిగలదు. నేను ఆకుపచ్చ కలం తీసి సంతకం పెట్టేశాను.

ఆ సంతకానికి అర్థం నాకు తెలియక కాదు. ముప్పై ఏడుగురు ఆ ఏడాది రాసిన పరీక్షలన్నీ పోతాయి. ఒకటి రెండేళ్ళు మళ్ళీ రాయనివ్వకపోవచ్చు కూడా. డిగ్రీ మధ్యలో అలాంటి మచ్చ పడితే పల్లెటూళ్ళ ఆడపిల్లల్ని మళ్ళీ కాలేజీకి పంపరు, ఇంట్లో కూర్చోబెట్టేస్తారు. ఆ కాలేజీకి పరీక్షా కేంద్రం పోతుంది, ఇంగ్లీషు చెప్పే లెక్చరరుకి ఉద్యోగం పోతుంది. ఇవన్నీ తెలిసే, ఒక కూర కోసం రెండో పేజీ తిప్పకుండా సంతకం పెట్టాను. ఇప్పటికీ పనసపొట్టు కూర వడ్డిస్తే ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.

భోజనం చేసి వచ్చాక ఒక పేపరు తీసి, ఊరికే, నిద్ర రాకుండా రెండో పేజీ తిప్పాను. అక్కడ ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పాలంటే ఇది:

‘ఒక చలికాలం ఉదయం నేను లండన్ నగరంలో వంతెన మీద నిలబడి ఉండగా, కింద ఒక ముసలి పడవవాడు నోట్లోంచి పైపు తీసి, టోపీ ఎత్తి, అయ్యా, మీ ఊరు ఏ కాలవ మీద అని అడిగాడు. నేను చెప్పాను. అయితే మనం ఒక నీళ్ళ వాళ్ళమే, సముద్రం దగ్గర అన్నీ కలిసేవే కదా అన్నాడు. అందుచేత ప్రయాణాలు మనిషి మనసును విశాలం చేస్తాయి.’

ఆ పడవవాడు నాకు తెలుసు. వాణ్ణి లండన్ పంపించింది నేనే.

అది జరిగింది అప్పటికి ముప్పై ఏళ్ళ కిందట, మండపేటలో. ఎమ్మే పాసై ఉద్యోగం దొరక్క, ఒక ట్యుటోరియల్ కాలేజీలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నాకు ఇరవై మూడేళ్ళు. కింద ధాన్యం గోదాము, పైన మా క్లాసు. ధాన్యం లారీలు వచ్చి పోతుంటే బెంచీలు అదిరేవి, ఊక దుమ్ము నోట్లోకి వచ్చేది. అప్పటికి నేను చేసిన అతి దూర ప్రయాణం వాల్తేరు, అదీ చదువు కోసం. అలాంటివాణ్ణి ప్రయాణాల వల్ల లాభాల గురించి నోట్సు చెప్పాలి, ఎందుకంటే పరీక్షలో అది తరచు వస్తుంది. గైడుల్లో ఉన్న వ్యాసాలన్నీ చప్పగా ఉన్నాయని, నేనే ఒకటి రాద్దామని కూర్చున్నాను.

అంతకు వారం ముందు శివరాత్రికి పట్టిసీమ వెళ్ళాను. పడవ మీద రేవు దాటుతుంటే పడవ నడిపే ముసలాయన, తలకి గుడ్డ, నోట్లో చుట్ట, నన్ను చూసి పలకరించాడు. మనది ఏ కాలవ మీదండి అన్నాడు. మండపేట కాలవండి అన్నాను. అయితే మనం ఒక నీళ్ళ వాళ్ళమేనండి, అంతా గోదారే కదండి అన్నాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. కాని పరీక్ష వ్యాసంలో పట్టిసీమ అంటే మార్కులు పడతాయా? అందుకని పడవని లండన్ చేర్చాను. తలగుడ్డని టోపీ చేశాను, చుట్టని పైపు చేశాను. ప్రశ్న మాత్రం మార్చడం తోచలేదు, అలాగే ఉంచేశాను. వ్యాసం అంతా ‘నేను’ అనే రాశాను.

డిక్టేషన్ అయ్యాక ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, మీరు లండన్ ఎప్పుడు వెళ్ళారండి అని అడిగింది. అప్పుడు నవ్వేసి కల్పించానని చెప్పి ఉంటే సరిపోయేది. ఇరవై మూడేళ్ళ వయసు, ముందు అరవై మంది. చదువుకునే రోజుల్లో అన్నాను. ఆ మాట మెట్లు దిగి గోదాములోకి, అక్కణ్ణుంచి ఊళ్ళోకి వెళ్ళింది. మిల్లు దగ్గర లారీ డ్రైవర్లు కూడా లండన్ మేష్టారు వస్తున్నారని పక్కకి తప్పుకునేవారు. నాలో దేశాటన మీద ఆసక్తి చిన్ననాడే మొలకెత్తిందని నా సన్మానపత్రంలో రాశారు. అసలు సంగతేమిటంటే, ఆడిన అబద్ధాన్ని ఎలాగైనా నిజం చెయ్యాలని నేను కనిపించిన ప్రతి విదేశీ ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టాను. చివరికి లండన్‌లో ఆగింది కూడా అందుకే. ఆ వంతెన మీద గంటసేపు నిలబడ్డాను. గాలి తప్ప ఎవరూ పలకరించలేదు.

ఆ వ్యాసం క్యాంపులో నా బల్ల మీద ముప్పై ఏడు చేతిరాతల్లో ఉంది. నేను ఒక్కొక్కటే తీసి ఆ పేరా ఒక్కటీ చదవడం మొదలుపెట్టాను. అప్పుడు కనిపించింది ఆ కుర్రాయన చెప్పిన ‘మార్చిన మాట’. నా నోట్సులో జవాబు మండపేట కాలవ. వీళ్ళలో ఎవరూ అది రాయలేదు. ఒకరు నరసాపురం కాలవ అన్నారు. ఒకరు గోస్తనీ కాలవ, ఒకరు అత్తిలి కాలవ. ఒక పిల్ల, ‘మాది కాలవ చివర ఊరు, వేసవిలో మా దాకా నీళ్ళు రావు’ అని లండన్ పడవవాడికి మొర పెట్టుకుంది. ఇంకొకరు ‘మాకు కాలవ లేదు, బోరే’ అని రాశారు. ఆ బోరు ఆసామీతో కూడా పడవవాడు, అయితే మనం ఒక నీళ్ళ వాళ్ళమే అనే అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. బోర్డు మీద చూసి కాపీ కొట్టేవాడు బోర్డు మీద ఉన్నదే రాస్తాడు, తన ఊరి కాలవ రాయడు. ఎవరో వీళ్ళకి నా వ్యాసం పాఠంగా చెప్పి, ఆ ఒక్క చోటూ ఎవరిది వాళ్ళని రాసుకోమన్నారు. పిల్లలు బట్టీ పట్టి రాశారు. అంతకు మించి వాళ్ళ తప్పేమీ లేదు. గోడ గడియారంలో మూడు దాటింది. రిపోర్టు క్యాంపు ఆఫీసరు గదిలో కవర్లో పడి ఉంది.

ఒక పావుగంట తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏదో పాత గైడులో చూసినట్టు గుర్తని చెప్పి తప్పించుకోవచ్చు. కాని ఆ కుర్రాయన ఏ గైడు అని అడుగుతాడు, ఊరుకునే మనిషి కాదు. నిజం చెబితే ఫారిన్ మేష్టారి బండారం రాజమండ్రి నడిబొడ్డున, మూడు జిల్లాల ఇంగ్లీషు మేష్టార్ల ముందు బయటపడుతుంది. సిగ్గుపడే విషయం ఏమిటంటే, ఆ పావుగంటలో నేను ఎక్కువసేపు ఆలోచించింది ముప్పై ఏడుగురి గురించి కాదు. చివరికి నన్ను లేపింది ఆ కాలవ చివరి పిల్ల. ఆ వాక్యం నేను చెప్పింది కాదు, ఏ గైడులోదీ కాదు. అది ఆ పిల్ల సొంతంగా రాసిన ఇంగ్లీషు.

క్యాంపు ఆఫీసరు ఒక ప్రిన్సిపాలు. నెత్తి మీద తడి రుమాలు వేసుకుని కవర్లకి లక్క వేయిస్తున్నారు. రిపోర్టు వెనక్కి ఇమ్మన్నాను. సంతకం పెట్టి మూడు గంటలు కాలేదు, ఏంటండి ఇది అన్నారు. కుర్ర లెక్చరరు కూడా కట్ట పట్టుకుని వచ్చాడు, అతని మొహం ఎర్రబడింది.

“ఆ వ్యాసం నాదండి. ముప్పై ఏళ్ళ కిందట మండపేటలో నేను చెప్పిన నోట్సు,” అన్నాను.

“రుజువేంటండి మరి?” అన్నారు ఆఫీసరు.

కుర్రాయన్ని ఏదో ఒక పేపరు తెరిచి పట్టుకోమన్నాను. కళ్ళు మూసుకుని డిక్టేషన్ మొదలుపెట్టాను. మండపేటలో చెప్పినట్టే, కామా, ఫుల్‌స్టాప్, నెక్స్ట్ పేరా, అన్నీ పైకి చెబుతూ. ముప్పై ఏళ్ళ తర్వాత అది ఎలా వచ్చిందని అడగకండి. మేష్టార్లకి తమ నోట్సు గుర్తున్నట్టు మంత్రాలు కూడా గుర్తుండవు. కుర్రాయన వేలు వాక్యం వెంట కదులుతోంది. పక్క గదుల్లోంచి ఒక్కొక్కరే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. పడవవాడి దగ్గరికి వచ్చి, ‘మండపేట కాలవ’ అన్నాను. అతని వేలు ఆగింది.

“ఇందులో గోస్తనీ కాలవ అని ఉంది సర్,” అన్నాడు మెల్లగా.

మిగతా ముప్పై ఆరూ చూడమన్నాను. చూస్తూ చూస్తూ బోరు దగ్గరికి వచ్చేసరికి, అంతవరకు ఒక్కసారీ నవ్వగా నేను చూడని ఆ మనిషి నవ్వేశాడు. ఆఫీసరు రుమాలు తీసి మొహం తుడుచుకుని, అయితే లండన్ పడవవాడు మిమ్మల్ని నిజంగానే కాలవ గురించి అడిగాడన్నమాట అన్నారు.

“అప్పటికి నేను లండన్ వెళ్ళలేదండి. వాడిది పట్టిసీమ. కల్పించి చెప్పాను,” అన్నాను.

గుమ్మం దగ్గర వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు, అది గది అంతా పాకింది. పనసపొట్టు మిత్రుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ మర్నాటి నుంచి ఇథియోపియా కబుర్లు చెప్పబోతే, ఇది మాత్రం ఏ ఊళ్ళో జరిగిందండి అని అడగడం మొదలుపెట్టారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. కవరు చింపి రిపోర్టు నా ముందుకు తోశారు.

“బట్టీ పట్టడం నేరమైతే ముందు మనందర్నీ డిబార్ చెయ్యాలండి. కొట్టెయ్యండి,” అన్నారు.

ఆకుపచ్చ గీతతో నా సంతకం నేనే కొట్టేశాను. బల్ల దగ్గరికి వచ్చాక కుర్ర లెక్చరరు ఎర్ర కలం పట్టుకుని, మార్కులు ఎలా వెయ్యమంటారని అడిగాడు. నిజంగా వెళ్ళొచ్చినవాళ్ళకి వేసినట్టే వెయ్యమన్నాను. కాలవ చివరి పిల్లకి అతను అందరికంటే రెండు ఎక్కువ వేశాడు. అది నేను చెప్పింది కాదు.

పరీక్షా ఫలితాలు వచ్చిన కొన్నాళ్ళకి ఒక ఆదివారం పొద్దున్న ఒకావిడ మా ఇంటికి వచ్చింది. యాభై దగ్గర పడి ఉంటాయి, జుట్టు నెరిసింది. పెనుగొండ దగ్గర ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నానంది. క్యాంపులో జరిగింది మేష్టార్ల నోట పడి తన దాకా వచ్చిందట. సంచిలోంచి అట్ట ఊడిన నోట్సు పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. తెరిస్తే ఇంకా ఊక వాసన వచ్చిందని నేననుకున్నాను గాని, అది నా ఊహే అయి ఉంటుంది. లండన్ ఎప్పుడు వెళ్ళారని అడిగిన ముందు బెంచీ అమ్మాయి ఆవిడే.

నా వల్ల తన ఉద్యోగం, తన విద్యార్థుల చదువులు గాలిలో దీపమయ్యాయి. అందుకని ముందు క్షమించమన్నాను. ఆనాడు అబద్ధం ఆడాను, అది నమ్మి ఇన్నేళ్ళూ నువ్వు పిల్లలకి చెప్పావు, ఆ పాపం నాదే అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

“నమ్మడమేంటండి మేష్టారూ? లండన్‌లో పడవవాడు మీది ఏ కాలవ మీదని ఎందుకడుగుతాడండి? అది మనోళ్ళ మాటండి. ఆ రోజే క్లాసందరికీ తెలిసిపోయిందండి.”

ముప్పై ఏళ్ళు నేను మోసిన మూట అది. మోసిందంతా ఖాళీ మూటే. కాస్త కోపం కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు. తెలిస్తే మరి ఆనాడే నిలదీయలేదేం అన్నాను.

“నేను అడగంగానే మీ మొహం వాడిపోయిందండి. ఇంకో మాట అడిగితే ఆ వాక్యం కొట్టించేస్తారేమోనని భయమేసిందండి. అన్ని ఇంగ్లీషు పుస్తకాలు చదివాం, మా కాలవున్న వాక్యం అదొక్కటేనండి.”

నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడాల్సి వచ్చింది. ఆవిడ నా మొహం చూడకుండా నోట్సు పుస్తకం పేజీలు సర్దుతూ కూర్చుంది. పిల్లలకి ఆ జాగా ఖాళీ ఉంచి చెబుతానని, ఎవరి కాలవ వాళ్ళు రాసుకున్న రోజు మాత్రం క్లాసులో అందరూ ఇంగ్లీషులో మాట్లాడతారని చెప్పింది. ఆ కాలవ చివరి పిల్ల ఇప్పుడు మూడో ఏడాదిలో చేరిందట. కాఫీ తాగింది. ఎండ పెరగకముందే బస్సు అందుకోవాలని లేచింది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగింది. తర్వాత నిజంగానే లండన్ వెళ్ళారటకదండి, అక్కడెవరైనా అడిగారాండి అంది.

“లేదమ్మా. గంటసేపు నిలబడ్డాను. ఎవరూ అడగలేదు.”

ఆవిడ రెండో చెప్పు కూడా వేసుకుంది.

“మీరైనా అడగాల్సిందండి,” అంది.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. నాకు ఏటి ఒడ్డున బండ మీద ముసలాయన గుర్తొచ్చాడు. నాలుగేళ్ళు, అన్ని ఆదివారాలు పక్కపక్కన కూర్చున్నాం. ఆయనది ఏ ఊరో, ఏ నీళ్ళు తాగి పెరిగాడో నాకు ఈ రోజుకీ తెలియదు.